నిద్రపోని కెమెరా

ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోవద్దు. నాకు జంతువులన్నా పక్షులన్నా ఏమంత ఇష్టం లేదు. అలాగని పగా లేదు. బస్సులో పక్క సీటాయన మీద ఎంత ఆసక్తి ఉంటుందో అంతే. ఆయన నా భుజం మీద తలపెట్టి గుర్రు కొట్టనంత వరకూ ఆయన బతుకు ఆయనది, నా బతుకు నాది. అలాంటి నేను, చెట్టు తొర్రల్లో ఎవరెవరు కాపురం ఉంటున్నారో చూసే కెమెరాలు తయారుచేశాను. చేశాక ఏం జరిగిందో వరసగా చెప్పగలను. ఎందుకు జరిగిందో మాత్రం నన్నడక్కండి.

దీనికంతటికీ మూలం మా పిన్ని, అమ్మకి సొంత చెల్లెలు. తొర్రలు చూడటం ఆవిడ ఉద్యోగం. "మీ చెల్లెలేం చేస్తుందండీ?" అని ఎవరైనా అడిగితే అమ్మ "పరిశోధన" అనేసి గబుక్కున మాట మారుస్తుంది, దేంట్లో అని అడిగేస్తారేమోనని. ముసలి చెట్టుకి కొమ్మ విరిగితే ఆ చోట లోపలికి పుచ్చిపోయి తొర్ర పడుతుందట. ముక్కుతో తొలుచుకోలేని పక్షులు, ఉడుతలు, గబ్బిలాలు, తేనెటీగలు అలాంటి తొర్ర దొరికితేనే సంసారం మొదలుపెడతాయట. "కొత్త చెట్టు నాటితే నీడొస్తుందే, తొర్ర రాదు. తొర్రకి ఒక మనిషి జీవితమంత వయసు కావాలి," అంటుంది పిన్ని. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతు కొంచెం వణుకుతుంది. నేను అప్పుడు ఫోన్ చూసుకుంటాను.

ఊరికి మంచినీళ్ళు పంపే పంపుహౌసు ఆవరణలో ముసలి చెట్లు ఒక వరసలో ఉన్నాయి. అన్నీ తొర్రలవే. పిన్ని వాటికి పేర్లు కూడా పెట్టుకుంది. పైన ఆకుల్లేనిది బోడిది, ఒక పక్కకి ఒరిగింది కుంటిది, గోడ మీదికి వాలి బయటికి చూస్తున్నట్టుండేది వాగుడుకాయ. అదేం పేరే అని అమ్మ అడిగితే, "గాలికి అదొక్కటే ఆపకుండా చప్పుడు చేస్తుందక్కా" అంది. కొత్తగా వేసే పెద్ద పైపు ఆ వరస మీదుగానే పోవాలని ప్లాన్ గీశారు. అంటే వరస మొత్తం కొట్టేయాలి.

పిన్ని వెళ్ళి పంపుహౌసు ఇంజనీరు గారితో పోట్లాడింది. ఆయన చెడ్డమనిషేం కాదు, మాట వింటాడు. కానీ పిన్నికి ఆఫీసుల్లో ఒక పేరుంది. అంతకు ముందోసారి ఒక బడి ఆవరణలో చెట్టు కొడుతుంటే, తొర్రలో గుడ్లగూబ ఉందని అడ్డం పడి పని ఆపించింది. తీరా నిచ్చెన వేసి చూస్తే లోపల ఎండుటాకులు తప్ప ఇంకేం లేవు. అప్పటి నుంచి ముందు 'మేడమ్', వెనక 'ఖాళీ తొర్ర'. ఆవిడకి ఆ సంగతి తెలుసు. వాళ్ళు వెనక అనే మాట చాటున ఆవిడే విన్నది.

"మేడమ్, మీరు చెప్పారని ఆపితే నన్నూ కలిపి నవ్వుతారు," అన్నాడట ఇంజనీరు గారు. "నా కంటికి చూపించండి. ఏదో ఒక తొర్రలో ఏదో ఒక ప్రాణి కాపురం ఉంటున్నట్టు తేలితే పైపు పక్క నుంచి తిప్పుతా. లేదంటే ఈ చలికాలం అయిపోగానే వరస లేపేస్తా. సగం చెట్లుంచి సగం కొట్టడం కుదరదు, పైపు వంకర్లు తిరగదు కదా."

కాపురం ఉండటం అంటే ఏమిటో ఆయన చెప్పలేదు. పిన్ని అడగలేదు. ఇద్దరికీ తెలుసనే అనుకున్నారు.

ఆ సాయంత్రమే పిన్ని మా ఇంటికొచ్చింది. నేను లిఫ్టుల్లో అంతస్తు నంబరు చూపించే బోర్డులు చేసే కంపెనీలో పనిచేస్తాను. అందుకని ఇంట్లోవాళ్ళ దృష్టిలో వైరున్న ప్రతి వస్తువూ నా బాధ్యతే.

"తొర్రలోకి చూడాలే. లోపలున్నవాళ్ళకి తెలియకూడదు," అంది.

"అంటే దొంగచాటుగా."

"దాన్ని పరిశోధన అంటారు."

"అవి కేసు పెట్టలేవు కాబట్టి అంటారు."

"చేస్తావా చెయ్యవా?"

"చేస్తాలే పిన్నీ. కళ్ళలో ఆ నీళ్ళు ఆపు ముందు."

చెప్పినంత తేలిక కాలేదు. తొర్రలో చీకటి. మామూలు లైటు వేస్తే లోపలి జీవి అదిరిపోతుంది. సరే, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైటు పెట్టాను. అది దగ్గర్లో ఉన్నదాని మీద పడి బొమ్మంతా సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చింది. లైటు మీద తెల్ల ప్లాస్టిక్ కవరు ముక్క అంటించాను, కాస్త తగ్గింది. బజారులో దొరికే చిన్న కెమెరాల లెన్సు దూరంగా ఉన్నవాటికి సరిపడేలా బిగించి జిగురు పెట్టి ఇస్తారు. తొర్రలో జానెడు దూరంలో ఉన్న ముక్కు దానికి మసగ్గానే కనిపిస్తుంది. ఆ జిగురు పగలగొట్టి లెన్సుని కొంచెం తిప్పాలి. మొదటి లెన్సు పట్టకారులోనే పగిలి ప్రాణం వదిలింది.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి కరెంటు. చెట్టు మీద ప్లగ్గు ఉండదు. కింద ఒక డబ్బాలో బండి బ్యాటరీ పెట్టి వైరు పైకి లాగాలి. బ్యాటరీ ఎక్కువ రోజులు రావాలంటే కెమెరా బోర్డు ఊరికే మేలుకుని ఉండకూడదు. అది కాసేపటికోసారి లేచి, ఒక ఫొటో తీసి, ఫొటో మూల మీద లోపల ఎంత వేడుందో అంకె వేసి, మళ్ళీ నిద్రపోయేలా కోడ్ రాశాను. ఫొటోలు చెట్టు కింద కూర్చుని ల్యాప్‌టాప్‌లోకి లాక్కోవచ్చు, వైర్లేం అక్కర్లేదు. వాన పడకుండా బోర్డు చుట్టూ మెత్తటి స్పాంజి చుట్టాను. మా నాన్న పెళ్ళిలో వేసుకున్నవాటికంటే ఆ కెమెరాకే ఎక్కువ బట్టలు తొడిగానని అమ్మ లెక్క.

పరీక్షలన్నీ ఇంట్లో మాసిన బట్టల బుట్టలోనే చేశాను. బుట్టకి పైన దుప్పటి కప్పేస్తే అచ్చం తొర్ర. లోపల గుడ్లగూబ స్థానంలో నాన్న ఉన్ని టోపీ.

"ఏమే తీగలమ్మా, ఉతకాల్సిన బట్టలన్నీ మంచం మీద పోసి, ఖాళీ బుట్టకి ఫొటోలు తీస్తున్నావేంటే?" అంది అమ్మ. నేను వైర్లు ముట్టుకున్నప్పటి నుంచీ ఆవిడకి తీగలమ్మనే.

"ఖాళీ కాదమ్మా, టోపీ ఉంది."

"రేపు నిన్ను చూసుకోడానికి ఎవరన్నా వస్తే, అమ్మాయేం చేస్తోందని అడిగితే ఏం చెప్పను? బుట్టలో టోపీని కాపలా కాస్తోందని చెప్పనా?"

"పరిశోధన అని చెప్పు."

ఐదు కెమెరాలు తయారయ్యాయి. వాటిని చెట్లెక్కించడానికి పిన్ని తాడు మాస్టారుని తీసుకొచ్చింది. నడుముకి తాడు కట్టుకుని ఎంతటి చెట్టైనా ఎక్కేస్తాడు కాబట్టి అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. చెట్లు కొట్టే పని వస్తే ఆ కాంట్రాక్టు కూడా ఆయనదే.

"ఎక్కి కెమెరా పెట్టమంటే పెడతా, ఎక్కి కొమ్మ కొట్టమంటే కొడతా," అన్నాడు తాడు బిగించుకుంటూ. "నాకు చెట్టూ, తాడూ ఉంటే చాలు మేడమ్. కానీ ఒకటి ముందే చెప్తున్నా, ఈ తొర్రల్లో ఉండేవి పాములే. వేరే ఏముండవు."

ఒకసారెప్పుడో ఆయన మెడ మీద పాము పడిందట. ఆ రోజు నుంచీ లోకంలో ఏ కంతలో ఏమున్నా ఆయనకి పామే.

మొదట్లో అన్ని తొర్రలూ ఖాళీ. పిన్ని రోజూ పొద్దున్నే నా పాత ల్యాప్‌టాప్ పట్టుకుని చెట్ల కింద తిరిగి ఫొటోలు లాక్కొచ్చేది. చెక్క గోడలు, సాలెగూడు, మళ్ళీ చెక్క గోడలు. అవి చూసీ చూసీ పిన్ని మొహం కూడా అదే రంగుకి వచ్చింది. చలి బాగా ముదిరాక బోడిదాని తొర్రలో ఏదో కనబడింది. మా భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి అందరం మీద పడి చూశాం.

"పుట్టగొడుగు," అంది అమ్మ.

"పుట్టగొడుగు నిన్న లేకుండా ఇవాళ ఇంత లావెలా అవుతుందక్కా?"

"వాన పడితే అవ్వదూ?"

"వానేది?"

"పామే," అన్నాడు ఫోన్ స్పీకర్లోంచి తాడు మాస్టారు. ఆయన ఫొటో చూడనే లేదు.

నాకైతే అది నాన్న ఉన్ని టోపీలా కనిపించింది. ఒక్క క్షణం నిజంగానే టోపీ కెమెరాతో పాటు వెళ్ళిపోయిందేమోనని లేచి అలమర చూసొచ్చాను. టోపీ ఉంది. మర్నాడు ఫొటోలో ఆ టోపీకి రెండు కళ్ళు తెరుచుకున్నాయి. పిన్ని ఫోన్ చేసి ఏడ్చిందో నవ్విందో తెలియని గొంతుతో "గుడ్లగూబే! చిన్న గుడ్లగూబే!" అని అరిచింది. నేను లిఫ్టు బోర్డుకి సోల్డరింగ్ చేస్తూ వేలు కాల్చుకున్నాను.

ఇంజనీరు గారు స్వయంగా వచ్చి చెట్టు కింద ల్యాప్‌టాప్‌లో చూశాడు. రోజువారీ ఫొటోలన్నిట్లోనూ అదే మూల, అదే గుడ్లగూబ, అదే విసుగు మొహం.

"మా పెద్దసారులా ఉంది," అన్నాడు. "బాగుంది మేడమ్. చలికాలం చివరిదాకా ఉందంటే కాపురమే. పైపు తిప్పేస్తా. మధ్యలో లేచిపోయిందంటే మాత్రం చుట్టపుచూపు కింద లెక్క."

ఆ రోజు పిన్ని నడకే మారిపోయింది. ఆఫీసు వరండాలో నవ్వేవాళ్ళ ముందు నుంచే కావాలని రెండుసార్లు వెళ్ళొచ్చింది.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగనివ్వనిది బోడిదాని బ్యాటరీ. మిగతా చెట్ల బ్యాటరీలు నిక్షేపంలా ఉంటే ఆ ఒక్కటే ఊరికే అయిపోయేది. మారుస్తూనే ఉన్నాం. "చలికి అంతేలే," అన్నాను. చలి మిగతా చెట్లకి లేదా అని నన్ను నేనే అడిగి, జవాబు చెప్పకుండా తప్పించుకున్నాను. ఒకరోజు ఆఫీసులో అన్నం తింటూ ఏమీ తోచక బోడిదాని ఫొటోలు మొదటి నుంచి తిప్పుతున్నాను. మూల మీద వేడి అంకె చూశాను. మిగతా తొర్రలకంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ. పిన్ని ఆ అంకె చూసి ఇదివరకే మురిసిపోయింది, గుడ్లగూబ ఒంటి వెచ్చదనమని. నేనూ అదే అనుకున్నాను. కానీ ఇంకా వెనక్కి తిప్పితే, గుడ్లగూబ రాకముందు, ఖాళీ తొర్రలో కూడా అదే తేడా.

అన్నం డబ్బా పక్కకి నెట్టేశాను.

కోడ్ తెరిచి చూశాను. బుట్టలో పరీక్షలు చేసేటప్పుడు బోర్డు మాటిమాటికీ నిద్రపోతే నాకు పని సాగేది కాదు. అందుకని ఒక వాక్యం పెట్టుకున్నాను, నేను ల్యాప్‌టాప్ కలిపి చాలని చెప్పేదాకా నిద్రపోవద్దని. నాలుగు బోర్డుల్లోంచి అది తీసేశాను. పరీక్షలకి వాడిన ఐదో బోర్డులో మర్చిపోయాను. ఆ బోర్డు వెళ్ళి బోడిదాని తొర్రలో కూర్చుంది. పిన్ని రోజూ వచ్చి ఫొటోలు లాక్కుని పోతోందే గానీ దానికి చాలని ఎవరూ చెప్పలేదు. పిలుపు వస్తుందేమోనని చెవులు రిక్కించుకుని, పగలూ రాత్రీ మేలుకుని, కాగుతూ ఉంది. పైగా స్పాంజి కోటు. చలికాలంలో నేను గుడ్లగూబకి హీటరు పెట్టి ఇచ్చాను.

సాయంత్రం పిన్ని గదికి వెళ్ళాను. ఒకటే గది. గుమ్మం దగ్గర బురద బూట్లు, కిటికీలో ఈకలు వేసిన గాజు సీసాలు, కుర్చీ మీద కాగితాలు, మంచం మీద కాగితాలు. కూర్చోడానికి చోటు లేక నిలబడే చెప్పాను. పిన్ని కిటికీలోంచి ఒక సీసా తీసుకుని, మూత తిప్పుతూ మొత్తం విన్నది.

"ఎవరితోనన్నా అన్నావా?"

"లేదు."

"మీ అమ్మతో?"

"అమ్మతో అంటే లోకానికి చెప్పినట్టే కదా పిన్నీ."

పిన్ని నవ్వలేదు. దాంతో నాకు గాబరా పుట్టి వాదన మొదలుపెట్టాను. "అయినా ఏం కొంప మునిగింది? గుడ్లగూబ ఉందా లేదా? ఉంది. ఫొటో నిజమా అబద్ధమా? నిజం. గీజరు ఉందని ఒక ఇంట్లో అద్దెకి దిగామనుకో, అది మన కాపురం కాకుండా పోతుందా?"

"గీజరు పీకేస్తే ఖాళీ చేస్తావా చెయ్యవా?"

"నేనైతే చేస్తా."

"మరి అది?"

"నాకేం తెలుసు? నేను గుడ్లగూబనా?"

"అదే నే అడిగేది. నీకు తెలీదు, నాకు తెలీదు. ఇంజనీరు మాత్రం తనకి తెలుసనుకుంటున్నాడు." సీసా మూత పెట్టేసింది. "వాళ్ళు నన్ను ఖాళీ తొర్ర అన్నప్పుడు ఏడుపొచ్చిందే. కానీ ఆ రోజు బడి దగ్గర నేను నిజంగా ఉందనుకునే అన్నాను. ఇప్పుడు నాకే తెలియకుండా కాపురం ఉందని ఎలా అనను?"

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. "వదిలేయి పిన్నీ. ఇంకెంత, చలికాలం అయిపోవచ్చింది. బ్యాటరీలు నేను మారుస్తా. చెట్లు మిగులుతాయి. నీకు కావలసింది అదేగా?"

"అదే," అంది. తర్వాత, "అదేనా?" అంది. తర్వాత మంచం మీద కాగితాలన్నీ ఒక పక్కకి నెట్టి నాకు చోటిచ్చి, "నువ్వు చెట్టెక్కకుండా కింద నుంచే ఆ కోడ్ మార్చగలవా?" అని అడిగింది.

మార్చగలను. నా ఖర్మ, ఆ సదుపాయం నేనే పెట్టాను.

పిన్ని ఆలోచన ఇది. బోడిదాని కెమెరాని నిద్రపుచ్చాలి. కుంటిదాని కెమెరాని మేలుకోబెట్టాలి. హీటరు ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి మారినట్టు. గుడ్లగూబ కూడా కుంటిదానికి మారిందంటే అది వెచ్చదనం కోసం వచ్చిందని. బోడిదాన్నే పట్టుకుని ఉందంటే తొర్ర కోసం వచ్చిందని. చెబుతుంటే ఎంతో తేటగా ఉంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

చెట్టు కింద ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పిన్ని గొడుగు పట్టుకుంది, ఎండా లేదు వానా లేదు. కుంటిదాని కెమెరాకి ఆ వాక్యం ముందే పెట్టేశాను. బోడిదాంట్లోంచి అది తీసేయడానికి మీట నొక్కాలి. వేలు కదలలేదు.

"పోతే చెట్లు పోతాయి పిన్నీ."

"తెలుసు."

"మళ్ళీ ఆ వరండాలో నడవాలి."

"తెలుసు. నొక్కవే, చెయ్యి లాగేస్తోంది."

"గొడుగు దించొచ్చుగా!"

నొక్కాను.

మర్నాడు బోడిది ఖాళీ. పిన్ని ఫొటో పంపింది, కింద ఒక్క ముక్క రాయలేదు. ఆ మర్నాడూ ఖాళీ. నేను ఆఫీసులో ఒక లిఫ్టుకి మూడో అంతస్తు తర్వాత ఏడు వచ్చేలా బోర్డు బిగించి మా పెద్దాయన చేత చివాట్లు తిన్నాను. కుంటిదాని తొర్రలో ఏదో మెత్తగా చుట్ట చుట్టుకుని కనబడింది. దగ్గరికి లాగి చూస్తే తోక మొహం మీద కప్పుకుని పడుకున్న ఉడుత.

"అక్కడ హీటరు ఉందని ఉడుతకి నువ్వు చెప్పావటే?" అంది పిన్ని ఫోన్లో.

"నేనేం పిలవలేదు."

"అయితే వెచ్చదనం కోసమే వస్తాయన్నమాట. అన్నీ."

ఆ తర్వాతి రోజు బోడిదాని తొర్రలో గుడ్లగూబ. అదే మూల, అదే విసుగు మొహం, మధ్యలో ఎక్కడికీ పోనట్టు. మూల మీద అంకె చల్లగా ఉంది. కెమెరా హాయిగా నిద్రపోతోంది. ఆ పై రోజు మళ్ళీ లేదు. ఆ పై రోజు ఉంది. కుంటిదాంట్లో ఉడుత కూడా ఒకరోజు ఉంటే ఒకరోజు మాయం. సరిగ్గా ఆ వారమే చలి దానంతటదే తగ్గిపోయింది, మా పరీక్ష చెడగొట్టడానికి కంకణం కట్టుకున్నట్టు. ఇప్పుడు అది రాకపోతే హీటరు లేకా, చలి లేకా? వస్తే తొర్ర మీద ప్రేమా, అలవాటా? నేనూ పిన్నీ కాగితం మీద బాణాలు గీసి, కొట్టేసి, మళ్ళీ గీసి, చివరికి ఆ కాగితంలో ఏ బాణం దేనికి గీశామో మాకే తెలియకుండా పోయింది.

"బోడిదాని తొర్రలోకి గాలి దూరదు, అందుకే," అంది అమ్మ. ఆవిడ ఆ చెట్టు ఎప్పుడూ చూడలేదు.

"ఉడుత వచ్చిందంటే దాన్ని తినడానికి పాము వస్తుంది," అన్నాడు తాడు మాస్టారు. "అప్పుడు నమ్ముతారు."

ఇంజనీరు గారి గది పంపులకి ఆనుకునే ఉంటుంది. కింద మోటార్లు తిరుగుతుంటే బల్ల మీద గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతుంటాయి. ఆ రోజు ఉదయం ఫొటోలో గుడ్లగూబ ఉంది. మెట్లెక్కుతూ నేను పిన్ని చెవిలో చెప్పాను, ఇవాళ్టి ఫొటో చూపించి లేచి వచ్చేద్దాం, కాఫీ ఇస్తానన్నా వద్దని. పిన్ని తలూపింది. లోపల కూర్చోగానే మొత్తం చెప్పేసింది. కెమెరా, స్పాంజి, నా వాక్యం, హీటరు, ఉడుత, చలి, అన్నీ. నేను బల్ల కింద కాలితో తన్నాను. తగిలింది ఇంజనీరు గారికి.

ఆయన కాలు వెనక్కి లాక్కుని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక్క నిమిషం. గుడ్లగూబ ఉందా?"

"ఇవాళ ఉందండి."

"కాపురం ఉన్నట్టేనా?"

"తెలియదండి."

"వేడి కోసం వచ్చిందా?"

"మొదట అయ్యుండొచ్చు. తర్వాత వేడి లేకుండానే వచ్చింది. కానీ రోజూ రాలేదు."

"మధ్యలో ఈ ఉడుత ఎవరు?"

"ఉడుతకి దీంతో సంబంధం లేదు సార్," అన్నాను.

"ఉండొచ్చు," అంది పిన్ని.

ఆయన నా వైపు తిరిగాడు. "ఏమ్మా, కెమెరా నువ్వే చేశావు కదా. నీకేమనిపిస్తోంది?"

"నాకేం తెలియడం లేదు సార్."

"నువ్వు ఇంజనీరువేనా?"

"అవును సార్. తెలియడం లేదన్నది మాత్రం గట్టిగా తెలుసు."

ఆయన గ్లాసులో వణుకుతున్న నీళ్ళు ఒక గుక్క తాగాడు. "ఉందని చెప్తే తిప్పేవాణ్ణి. లేదని చెప్తే కొట్టించేవాణ్ణి. రెండూ చేతనవును. మీరొచ్చి ఏమో అంటే నేనేం చెయ్యాలి మేడమ్? ఈ ఏమో ఎప్పుడు తేలుతుంది?"

"వచ్చే చలికాలం చూడాలండి. ఈసారి కెమెరా వేడెక్కకుండా."

"పైపు వాళ్ళు సోమవారం దిగుతున్నారు."

"అప్పటికి తేలదండి."

పిన్ని అడుక్కుంటుందేమో అనుకున్నాను. అడుక్కోలేదు. ఇంకో అబద్ధం ఏదైనా తడుతుందేమోనని నేనే వెతుక్కున్నాను. నాకు సమయానికి ఏదీ తట్టదు, తట్టేవన్నీ తర్వాత లిఫ్టులో దిగేటప్పుడే.

ఇంజనీరు గారు ప్లాను కాగితం పరిచి, స్కేలు పెట్టి, పెన్సిలుతో గీత గీశాడు. తుడిచాడు. గోడ పక్క నుంచి ఇంకోటి గీశాడు. "ఇక్కడ వాచ్‌మన్ బండి పెట్టుకునే రేకుల షెడ్డుంది. దాన్ని ఎప్పుడైనా విప్పొచ్చు, ఎప్పుడైనా బిగించొచ్చు. చెట్టు కొట్టాక కాపురం ఉందని తేలితే అతికించమంటారా నన్ను? మీరే వస్తారు అప్పుడు, ఫొటోలు పట్టుకుని. పైపు ఆగదు మేడమ్. చెట్లు ఆగుతాయి కదా, వాటికేం తొందర." తర్వాత వేలు చూపించి, "ఒక్క చలికాలం. అప్పుడు ఏమో అంటే ఊరుకోను," అన్నాడు.

బయటికి వచ్చాక పిన్నిని పట్టుకుని గంతులేయబోయాను. ఆవిడ మొహం చూసి ఆగిపోయాను.

"గెలిచాం పిన్నీ!"

"గెలిచామా? ఉందని చెప్పలేకపోయాం కదే."

"చెట్లున్నాయిగా!"

"ఉన్నాయి," అంది. బోడిదాని కిందికి వెళ్ళి పైకి చూసింది. కింద నుంచి తొర్రలో ఏమీ కనిపించదు, నల్లగా ఒక కంత అంతే. "చలి ముదిరేలోపు వేడెక్కని కెమెరా చేసిపెట్టు."

"పనిచేసే ఏ వస్తువైనా వేడెక్కుతుంది పిన్నీ. వేడెక్కకూడదంటే పనిచెయ్యకూడదు."

"అయితే ఎంత తక్కువ వేడెక్కితే దానికి తెలియదు?"

"దాన్నే అడగాలి."

ఇద్దరం అక్కడే నిలబడ్డాం. ఆవిడ నా మీద కోపంగా ఉందో, సంతోషంగా ఉందో తెలియలేదు. ఆవిడకీ తెలియలేదనుకుంటాను. తాడు మాస్టారు ఫోన్ చేసి చెట్లు కొట్టడం ఉందా లేదా అని అడిగాడు. ఇప్పటికి లేదంటే, "సరే, కెమెరాలు దించేటప్పుడు పిలవండి, ఎక్కించేటప్పుడూ పిలవండి," అని పెట్టేశాడు.

ఇప్పుడు నా బల్ల మీద కొత్త బోర్డు ఉంది. దానికి చిన్న థర్మామీటరు కట్టి, బుట్టలో పెట్టి, ఎంతసేపు మేలుకుంటే ఎంత వెచ్చబడుతుందో చూస్తున్నాను. థర్మామీటరు కూడా కొంచెం వేడెక్కుతుందని నిన్ననే తెలిసింది. దాన్ని కొలవడానికి ఇంకోటి పెడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరెప్పుడైనా దేన్నో చాటుగా చూడబోయి, అది అలా ఉన్నది మీరు చూడటం వల్లేనేమో అని తికమకపడ్డారా? చంటిపిల్ల నిద్రపోయిందో లేదో చూద్దామని తలుపు తోసి, ఆ చప్పుడుకి లేపేశారా? అన్నం ఉడికిందా అని మూత తీసీ తీసీ ఉడకనివ్వకుండా చేశారా? ఒక మనిషి మనసులో ఏముందో కనుక్కోబోయి, కనుక్కునే తొందరలో మీరే ఏదో అక్కడ పెట్టి వచ్చారా? చిన్నదైనా, తెలివితక్కువదైనా, మీకు జరిగింది జరిగినట్టు రాసి పంపండి. చివర్లో ఏం తేలకపోయినా ఫరవాలేదు. పిన్నికి చదివి వినిపిస్తాను.